ఆడా మగా ఒకే ఇంట్లో: చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి కాలేజీ విద్యార్థుల వసతి

కాలేజీలో చదివే ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే భవనంలోగానీ ఒకే ఇంట్లోగానీ ఉండి చదువుకోవటమే ఉమ్మడి వసతి. ఆ మాట చెవిన పడగానే చాలామందికి ఒకే గది కళ్లముందు మెదులుతుంది. ఆచరణలో దానికి చాలా మెట్లున్నాయి. ఒకే ఆవరణలో వేర్వేరు హాస్టళ్లు కట్టి మెస్సు, లైబ్రరీ కలిపి పెట్టటం మొదటి మెట్టు. ఒకే భవనంలో చెరో పక్క ఉండటం, అంతస్తు విడిచి అంతస్తు ఉండటం, ఒకే వరండాలో పక్కపక్క గదుల్లో ఉండటం ఆ తర్వాతివి. ఒకే ఫ్లాటులో ఎవరి పడకగది వారికుండి వంటిల్లు అందరిదీ కావటం ఇంకో మెట్టు. గది పంచుకోవటం చిట్టచివరిది, ప్రపంచంలో ఎక్కడైనా అరుదైనది. వాదాలన్నీ ఆ చివరి మెట్టును చూపించి జరుగుతాయి, కట్టుబాట్లు మాత్రం మొదటి మెట్టు మీదనుంచే మొదలవుతాయి.

పడమటి దేశాల్లోనూ ఇది తాతల నాటి ఆచారమేమీ కాదు. అమెరికాలోని ఓబర్లిన్ కాలేజీ 1837లోనే అమ్మాయిలను డిగ్రీ చదువులో చేర్చుకుంది. అబ్బాయిలనూ అమ్మాయిలనూ ఒకే హాస్టల్లో ఉంచటానికి మాత్రం 1970 దాకా ఆగింది. ఆ ఏడాది నవంబరులో లైఫ్ పత్రిక ఆ హాస్టలునే ముఖచిత్ర కథనం చేసిందంటే అప్పటికి అదెంత వింతో తెలుస్తుంది. అంతకాలమూ కాలేజీ విద్యార్థికి తల్లిదండ్రుల స్థానంలో ఉంటుందన్న సూత్రం నడిచింది. 1913లో బెరియా కాలేజీ కేసులో కెంటకీ న్యాయస్థానం ఆ సూత్రాన్ని బలపరిచింది. 1961లో డిక్సన్ కేసులో, పౌరహక్కుల నిరసనలో పాల్గొన్న నల్లజాతి విద్యార్థులను విచారణ లేకుండా వెళ్లగొట్టటం చెల్లదని తీర్పు రావటంతో దాని పునాది కదిలింది. ఫ్రాన్సులో పారిస్ శివారు నాంతేర్‌లో 1967 మార్చిలో అబ్బాయిలు అమ్మాయిల హాస్టలులోకి వెళ్లి బైఠాయించారు. రాకపోకల మీద నిషేధాన్ని ఎత్తేయాలన్నది వాళ్ల కోరిక. ఏడాది తిరిగేసరికి అదే ప్రాంగణంలో మొదలైన ఉద్యమం 1968 మే నెలలో దేశాన్నే స్తంభింపజేసింది. ఆక్స్‌ఫర్డులో అయిదు మగవాళ్ల కాలేజీలు 1974లో ఆడవాళ్లకు తలుపులు తెరిచాయి.

ప్రయాణం ఒకే దిక్కుగా సాగలేదు. 2011లో వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ ఉమ్మడి హాస్టళ్లను మళ్లీ విడదీస్తామని ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందు వెలువడిన ఒక అధ్యయనం ఉమ్మడి హాస్టళ్లలో తాగుడు ఎక్కువని చెప్పింది. అయితే ఎవరు ఏ హాస్టలు కోరుకుంటారన్నది ముందే వారి అలవాట్లను బట్టి ఉంటుంది కాబట్టి, అది భవనం ప్రభావమో మనుషుల ప్రభావమో విడదీయటం తేలిక కాదు.

తెలుగు నేల మీద విద్యాసంస్థలు ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే నిలిచాయి, కొన్ని దానికీ ఇటువైపే ఉండిపోయాయి. బాగేపల్లికి దగ్గర్లోని పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థ ఊళ్లనే విడదీసింది: ఆడపిల్లలకు అనంతపురం, మగపిల్లలకు పుట్టపర్తి. కార్పొరేటు ఇంటర్ కాలేజీలు క్యాంపసులను విడదీశాయి. 2008లో మొదలైన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో తరగతి ఒకటే, హాస్టళ్లు వేరు. చింతామణి దాటి సరిహద్దు అవతలికి పోతే మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో పెరిగిన ఆ బడిలో ఆడపిల్లలూ మగపిల్లలూ దశాబ్దాలుగా ఒకే ప్రాంగణంలో ఉండి చదువుకుంటున్నారు. అది బడి, కాలేజీ కాదు. పైగా కలిగినవారి పిల్లల బడి. చుట్టుపక్కల పల్లెలు దాన్ని తమకు నమూనాగా ఎన్నడూ తీసుకోలేదు. ఢిల్లీ జేఎన్‌యూలో కొన్ని హాస్టళ్లలో ఇద్దరికీ చెరో విభాగం ఉండి మెస్సు ఒకటే. దేశంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇంతకు మించి పోయింది తక్కువ.

2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్లాపురం జిల్లాలో ఈ ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడం. చిక్కబళ్లాపురం నుంచి బెంగళూరు సుమారు 60 కిలోమీటర్లు, చింతామణి నుంచి 75, బాగేపల్లి నుంచి 100. ఈ మూడు దూరాలే విద్యార్థి ఎక్కడ పడుకోవాలో చాలావరకు నిర్ణయిస్తాయి. చిక్కబళ్లాపురంలో 1986 నుంచి ఎస్‌జేసీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఇటీవల ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. చింతామణి దగ్గర కురుబూరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1995లో పట్టుపురుగుల పెంపకం కోసం ప్రత్యేకంగా ఒక కాలేజీ పెట్టింది. బాగేపల్లిలో నేషనల్ కాలేజీ ఉంది. బయటి జిల్లాల పిల్లలు ఇంజినీరింగుకో పట్టు చదువుకో ఇక్కడికి వచ్చి హాస్టళ్లలో ఉంటారు. ఇక్కడి పిల్లలు పీయూసీ (ఇంటర్) కాగానే బెంగళూరు బస్సెక్కుతారు.

ఈ ఊళ్లలో ఆడా మగా కలిసి ఉండే విద్యార్థి ఇల్లు లేనేలేదనుకుంటే పొరపాటు. అది ఉంది, కాకపోతే చుట్టరికం పేరుతో ఉంది. పల్లెలో రెండెకరాల వేరుశెనగో మల్బరీ తోటో ఉన్న ఇంట్లో అక్క డిగ్రీకి, తమ్ముడు పీయూసీకి వస్తే తాలూకా ఊళ్లో ఒక గది, వంటిల్లు బాడిగకు తీసుకుంటారు. చిన్నాన్న కొడుకో మేనత్త కూతురో వచ్చి చేరతారు. వంటకు, కాపలాకు అవ్వ వస్తుంది. ఇంటి ఓనరుకు అవ్వ ఉంటే చాలు, ఇక అడిగేదేమీ ఉండదు. వరస అయ్యే బావామరదళ్లు ఒకే కప్పు కింద చదువుకుంటున్నా ఎవరూ నొసలు ముడవరు. అదే తరగతిలోని ఇద్దరు స్నేహితులు అలా ఉంటామంటే ఊరంతా ముడుస్తుంది. పెళ్లి వరస ఉన్నవాళ్లను కలిపి ఉంచటం క్షేమమనీ ఏ వరసా లేనివాళ్లను కలిపి ఉంచటం ప్రమాదమనీ భావించే ఈ లెక్క బయటివారికి తలకిందులుగా కనిపిస్తుంది. దాని తర్కం దానికుంది: జరగరానిది జరిగితే జవాబు చెప్పే పెద్దలు ఎవరన్నదే అక్కడ అసలు ప్రశ్న.

అవ్వను పంపలేని ఇల్లు, పట్నంలో బంధువులు లేని ఇల్లు ఆడపిల్ల చదువును పీయూసీతో ఆపేయటం ఈ తాలూకాల్లో కొత్త కాదు. మగపిల్లవాడికి బంధువుల అండ ఉన్నా లేకపోయినా దారి దొరికేది. ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య చిక్కబళ్లాపురంలో చదివి, బెంగళూరులో మేనమామ అండతో, ఒక కొడగు కుటుంబం పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీ చదువు గట్టెక్కించారు. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య 1935లో బెంగళూరు దాకా నడిచి వెళ్లి నేషనల్ హైస్కూల్లో చేరారు. తర్వాత ఆ సంస్థలోనే అధ్యాపకుడై, ప్రిన్సిపలై, బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యాక కూడా బసవనగుడిలోని నేషనల్ కాలేజీ హాస్టలు గదిలోనే ఉన్నారు. 2005లో కన్నుమూసేదాకా ఆ గదే ఆయన ఇల్లు. గౌరిబిదనూరు, బాగేపల్లి నేషనల్ కాలేజీలు ఆయన చొరవతో వచ్చినవే. ఆనాటి ఆడపిల్లల్లో అలా నడిచి వెళ్లి ఏదో ఒక గదిలో తలదాచుకుని చదివినవారి కథ ఈ జిల్లా చరిత్రలో వినిపించదు. ప్రతిభ కొరవడి కాదు, గది దొరక్క.

ఈ ప్రాంతంలో హాస్టలు అన్నది మొదట కులం గోడలతో కట్టినది. పల్లె నుంచి పట్నం వచ్చిన పిల్లవాడికి అన్నం పెట్టే ఇల్లు కావాలి, అన్నం ఎవరు వండారన్నది ఆ రోజుల్లో పెద్ద మాట. 1906లో ఏర్పడిన ఒక్కలిగర సంఘం, 1925 నాటి రెడ్డి జన సంఘం బెంగళూరులో తమవారి పిల్లలకు వసతి చూపటాన్ని ముఖ్యమైన పనిగా పెట్టుకున్నాయి. బాగేపల్లి, చింతామణి వైపు తెలుగు రైతు కుటుంబాల మగపిల్లలు బెంగళూరులో చదవగలగటానికి ఇలాంటి హాస్టళ్లే ఆసరా. ఏ సంఘమూ లేని కులాలకు ప్రభుత్వమే దిక్కు. 1972లో వేసిన హావనూరు కమిషన్, ముఖ్యమంత్రి దేవరాజ్ అర్సు పాలన తర్వాత వెనుకబడిన వర్గాల హాస్టళ్లు తాలూకా స్థాయికి చేరాయి. సాంఘిక సంక్షేమ శాఖ దళిత విద్యార్థుల హాస్టళ్లు వాటికి పక్కనే నడుస్తాయి. ఇవన్నీ బాలురకు వేరు, బాలికలకు వేరు. ప్రభుత్వ కాగితంలో విద్యార్థికి రెండు గుర్తులు తప్పనిసరి, ఏ వర్గం, ఆడా మగా. ఆ రెండూ రాశాకే మంచం కేటాయింపు.

ప్రైవేటు గది అడిగినా అదే వరస. "ఏ ఊరు, ఎవురోళ్లు?" అన్నది ఓనరు మొదటి మాట. దళిత విద్యార్థికి ఆ మాట దగ్గరే తలుపు మూసుకుపోవటం ఉంది. కాబట్టి ఈ ఊళ్లలో ఉమ్మడి వసతి గురించి మాట్లాడేటప్పుడు ఆడామగా కలయికకు ముందు ఇంకా పూర్తికాని కులాల కలయిక ఒకటుందని గుర్తుంచుకోవాలి. పెద్ద పట్నాల వాదనలు దీన్ని సాధారణంగా మరిచిపోతాయి.

హాస్టలు సీటు దొరకనివారికి కర్ణాటక ప్రభుత్వం 2013-14లో విద్యాసిరి పథకం మొదలుపెట్టి నెలకు 1,500 రూపాయలు, ఏడాదికి పది నెలల పాటు ఇవ్వసాగింది. తాలూకా ఊళ్లో నలుగురు కలిసి గది తీసుకుంటే అది బాడిగలో తన వాటాకు అక్కరకొస్తుంది. బెంగళూరులో ఒక పీజీ (పేయింగ్ గెస్ట్ వసతి) మంచం బాడిగ దానికి కొన్ని రెట్లు. వెరసి ఈ డబ్బు మగపిల్లవాణ్ని గదికి పంపుతుంది. ఆడపిల్లను ఒంటరిగా గదికి పంపే ధైర్యం డబ్బుతో వచ్చేది కాదు కాబట్టి, ఆమె విషయంలో అది తరచూ ఇంటి ఖర్చులో కలిసిపోతుంది.

ఆ ధైర్యం లేని చోట బస్సు వచ్చింది. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకంతో కర్ణాటక మహిళలకు ప్రభుత్వ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఖర్చు లేదు. చిక్కబళ్లాపురం నుంచి యలహంక వైపు కాలేజీలకు, పల్లెల నుంచి చింతామణికి రోజూ వెళ్లి వచ్చే ఆడపిల్లలకు ఇది చదువు నిలబెట్టిన మేలు. దీనికి రెండో ముఖం ఉంది. ప్రయాణం ఉచితమయ్యాక, గది కావాలని అడిగే కారణం ఆడపిల్ల చేతిలోంచి జారిపోతుంది. తమ్ముడికి టికెట్టు ఖర్చు మిగలాలంటే గది తీసుకోవటమే మేలన్న లెక్క కుదురుతుంది. అక్కకు మాత్రం పొద్దున ఆరింటి బస్సు, రాత్రి ఏడింటి ఇల్లు, మధ్యలో లైబ్రరీకి మిగిలేది కొద్ది గంటలు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో దేశం మొత్తం మీద ఆడపిల్లల నమోదు నిష్పత్తి 28.5, మగపిల్లలది 28.3. కాలేజీలో పేరు రాయించుకోవటంలో వెనుకబాటు తీరిందని ఆ అంకె చెబుతుంది. రాత్రి పదింటికి ఎవరు ఎక్కడ కూర్చుని చదువుతున్నారో చెప్పే అంకె అందులో లేదు.

బెంగళూరు చేరాక చిత్రం మారుతుంది. మొదటి మజిలీ పీజీ. లేడీస్ పీజీ, జెంట్స్ పీజీ అని బోర్డులు వేరు, తాళాలు వేసే వేళలు వేరు. రెండోది కో-లివింగ్: గత పదేళ్లుగా ఆ పేరుతో ఒకే భవనంలో అంతస్తులు విడదీసి ఇద్దరికీ ఇచ్చే వసతులు పెరిగాయి. 2015లో బెంగళూరులో పుట్టిన నెస్ట్ఎవే లాంటి సంస్థలు, పెళ్లికానివారికి ఇల్లివ్వని ఓనర్ల మొండితనాన్నే వ్యాపార అవకాశంగా మార్చుకున్నాయి. మూడో మజిలీ ఫ్లాటు. ఇంజినీరింగ్ చివరి ఏటనో ఉద్యోగం మొదట్లోనో ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి తీసుకుంటారు. ఇక్కడే నిజమైన ఉమ్మడి ఇల్లు కనిపిస్తుంది, ఇక్కడే అబద్ధం కూడా మొదలవుతుంది. ఓనరుకు అన్నాచెల్లెళ్లని, ఇంట్లోవాళ్లకు లేడీస్ పీజీ అని చెప్పటం మామూలు. బాగేపల్లిలో చుట్టరికం నిజంగా ఉండి తలుపు తెరిపించింది. బెంగళూరులో లేని చుట్టరికాన్ని కల్పించి తెరిపించుకోవలసి వస్తోంది.

ఇలాంటి ఇళ్లలో తగాదాలు బయటివారు ఊహించే విషయాల మీద కాకుండా గిన్నెల మీద, గ్యాసు సిలిండరు మీద, బాత్రూము మీద, రాత్రిళ్లు వచ్చే స్నేహితుల మీద వస్తాయి. ఇద్దరబ్బాయిలు ఇద్దరమ్మాయిలున్న ఇంట్లో పని పట్టిక రాసుకోకపోతే నెల తిరక్కముందే వంట అమ్మాయిలదీ సామాను తెచ్చేది అబ్బాయిలదీ అయి కూర్చుంటుంది. పేరుకు ఉమ్మడి వసతి, లోపల పల్లెలోని ఇల్లే. కలిసి ఉండటం దానంతట అదే సమానత్వాన్ని నేర్పుతుందన్న నమ్మకం ఈ వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. మరోపక్క ఒంటరి ఆడపిల్లల ఫ్లాటు కంటే మగ స్నేహితులున్న ఫ్లాటులోనే భయం తక్కువని భావించే అమ్మాయిలూ ఉన్నారు. వీధిలోని వేధింపులకు అది ఒక అడ్డు. ఆ అడ్డు అవసరమయ్యే స్థితి వీధి గురించి చెప్పేదే ఎక్కువ.

చట్టం సంగతి తేలికగా చెప్పొచ్చు. 18 ఏళ్లు నిండిన ఇద్దరు పెళ్లి లేకుండా ఒకే ఇంట్లో ఉండటం నేరం కాదు. 2010లో నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. 2018లో కేరళకు చెందిన నందకుమార్ కేసులో, పెళ్లీడు రాని యువకుడైనా మేజరైతే తనకిష్టమైనవారితో ఉండవచ్చన్నది. కోయంబత్తూరులో పెళ్లికాని జంటకు గది ఇచ్చారన్న కారణం చూపి అధికారులు మూసిన వసతి గృహం విషయంలో, అలా ఉండకూడదనే చట్టమేదీ లేదని 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు చెప్పింది. అయితే పెళ్లి కాలేదని ఓనరు ఇల్లివ్వననటం కూడా నేరం కాదు. వివక్ష చూపకూడదన్న రాజ్యాంగ నిబంధన ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టేస్తుంది, బాడిగ ఇంటి యజమానిని కాదు. హక్కుంది, ఇల్లు లేదు. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి అమలవుతున్న ఉమ్మడి పౌరస్మృతి సహజీవనాన్ని నమోదు చేయించుకోవాలంటోంది. స్నేహితులుగా ఇల్లు పంచుకునేవారికి అది వర్తించదు, కానీ ఎవరు స్నేహితులో ఎవరు జంటో తేల్చమని అడిగేది మళ్లీ ఓనరే.

చిన్న ఊళ్లకు సంబంధించి చట్టంలో ఇంకో గీత ముఖ్యమైనది. కర్ణాటకలో పీయూసీ పిల్లలనూ కాలేజీ పిల్లలనే అంటారు. వాళ్ల వయసు 16, 17. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపువారి సమ్మతికి విలువ లేదు. డిగ్రీ విద్యార్థుల విషయంలో స్వేచ్ఛగా చూడదగ్గ ఉమ్మడి వసతి, అదే వీధిలో పీయూసీ పిల్లల విషయంలో పెద్దల బాధ్యత అవుతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టటం వల్లే చర్చ ముందుకు సాగదు: ఒకరు 17 ఏళ్ల పిల్లను తలుచుకుని వద్దంటారు, మరొకరు 22 ఏళ్ల యువతిని తలుచుకుని కావాలంటారు.

కలిసి ఉండటం మాట అలా ఉంచితే, విడివిడి హాస్టళ్లలోని రూల్స్ సమానంగా ఉన్నాయా అన్నది ఎక్కువమందిని తాకే ప్రశ్న. యూజీసీ 2013లో వెలువరించిన సక్షం నివేదిక, ఆ తర్వాత 2016లో నోటిఫై అయిన లైంగిక వేధింపుల నివారణ నిబంధనలు ఒకే మాట అన్నాయి: భద్రత పేరు చెప్పి ఆడపిల్లల హాస్టళ్లకు మగపిల్లలకు లేని ఆంక్షలు పెట్టరాదు. 2015లో ఢిల్లీలో మొదలైన పింజ్రా తోడ్ ఉద్యమం ఈ ఆంక్షల మీదే. 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు రాత్రి 9:30 గేటు మీద కేరళ హైకోర్టుకు వెళ్లారు. తాలూకా ఊళ్ల ప్రభుత్వ హాస్టళ్లలో ఈ నిబంధనల ఊసు వినిపించదు. చీకటి పడగానే బాలికల హాస్టలు గేటు పడుతుంది, బాలుర హాస్టలు గేటు ఉన్నా పడదు. వార్డెను తప్పనటానికీ లేదు: ఏదైనా జరిగితే బిడ్డ తండ్రి నిలదీసేది ఆమెనే.

వసతి ప్రమాణాల సంగతీ ఇలాగే పట్నం ఎల్లల దగ్గర ఆగిపోయింది. 2024 జూలైలో బెంగళూరు కోరమంగలలో ఒక పీజీలో యువతి హత్య జరిగాక, నగరపాలిక పీజీలకు నియమాలు తెచ్చింది. సీసీ కెమెరాలు ఉండాలి, మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలి, వంటకు ఆహార భద్రత లైసెన్సు తీసుకోవాలి. అదే ఏడాది జూన్‌లో జీఎస్టీ మండలి, కనీసం 90 రోజులు ఉండేవారికి మనిషికి నెలకు 20,000 రూపాయల దాకా ఉన్న వసతి బాడిగను పన్ను నుంచి మినహాయించింది. పన్ను మినహాయింపు దేశమంతటికీ వర్తిస్తుంది. 70 చదరపు అడుగుల నియమం మాత్రం బెంగళూరుదే. చిక్కబళ్లాపురం, చింతామణి నగరసభలు, బాగేపల్లి పురసభ దాని పరిధిలో లేవు. లోతు బోర్ల మీద బతికే ఈ జిల్లాలో మనిషికి 135 లీటర్లంటే చాలామంది ఓనర్లు నవ్వుతారు. ఈ ఊళ్లలో విద్యార్థి గదికి కొలత, నీళ్లు, గేటు వేళ, ఎవరు ఎవరితో ఉండొచ్చన్న షరతు అన్నీ బాడిగ మాట్లాడుకునేటప్పుడు నోటిమాటగా తేలేవే. ఒప్పంద పత్రం రాసుకున్నా అందులో కనిపించేది అడ్వాన్సు మొత్తం, పదకొండు నెలల గడువు.